తెలుగులో కోణాల డిస్‌ప్లే ఫాంటు గీస్తున్నా, ప వ ష కలిసిపోతున్నాయి, చూసి చెప్పండి

కోణమానిని (విజయవాడ)
అందరికీ నమస్తే. బాగా మందంగా, మూలలు కోసేసినట్టుండే ఒక తెలుగు డిస్‌ప్లే ఫాంటు గీస్తున్నా. కబడ్డీ టోర్నమెంట్ పోస్టర్లు, గేమ్ టైటిళ్ళు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు, ఇలాంటి వాటికి. మనకి మందం ఫాంట్లు లేవని కాదు, రామభద్ర ఉంది, బాలూ తమ్ముడు ఉంది, అనేక్ తెలుగులో బరువైన వెయిట్లున్నాయి, కానీ అన్నీ మెత్తగానే ఉంటాయి, కొట్టినట్టు కనిపించేది ఒక్కటి లేదు. పోస్టర్‌లో ఇంగ్లీషు టీమ్ పేరు గట్టిగా పలుగురాయిలా ఉంటుంది, దాని కింద తెలుగు వచ్చేసరికి నీరసం.

నా పద్ధతి ఏంటంటే ప్రతి వంపునీ 45 డిగ్రీల కోతగా మార్చేశా, అంటే గుండ్రం స్థానంలో ఎనిమిది పలకలు. నిలువు గీత మందం 190 యూనిట్లు (ఫాంటు గీసే గళ్ళ కొలత), వత్తులకి 140. అ, ఇ, ఉ, క, గ బాగానే వచ్చాయి. ప, వ, ష, మ పక్కపక్కన పెడితే మాత్రం మా ఇంట్లోవాళ్ళే చదవలేకపోతున్నారు. సున్నా కూడా పలకలుగానే గీశా, అది కరెక్టా కాదా తెలీట్లేదు. నమూనా బొమ్మలు పెట్టా, మొహమాటం లేకుండా చెప్పండి.

టైపుపిచ్చి (హైదరాబాద్)
బొమ్మలు చూశా. దూరం నుంచి బలంగా ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ బేస్ ఐడియా ఇంగ్లీషు ఫాంట్ల నుంచి వచ్చినట్టుంది, ముఖ్యంగా ఐటీసీ మెషీన్ అనే ఫాంటు (1970, బాండర్, కార్నేజ్ ఇద్దరూ కలిసి చేసింది) గుర్తొస్తోంది. అందులో జరిగేది గమనించు. ఇంగ్లీషు పెద్దక్షరాలు 26లో 15 పుట్టుకతోనే తిన్నటి గీతలు, ఏ ఈ ఎఫ్ హెచ్ ఐ కె ఎల్ ఎమ్ ఎన్ టీ వీ డబ్ల్యూ ఎక్స్ వై జడ్. డిజైనర్ కొయ్యాల్సింది మిగిలిన 11 మాత్రమే, కాబట్టి పాఠకుడికి సగానికి పైగా అక్షరాలు అలవాటైనవే కనిపిస్తాయి, మిగతావి వాటి ఊపులో చదివేస్తాడు. మనకి ఆ వెసులుబాటు లేదు, అచ్చుల్లో హల్లుల్లో ఎక్కడ చూసినా వంపే, నువ్వు కోత మొదలుపెడితే మొత్తం వర్ణమాల ఒకేసారి కొత్తగా కనపడుతుంది. అందుకే ఇంగ్లీషులో పనిచేసిన సూత్రం ఇక్కడ అలాగే దింపితే చదవడం కష్టమౌతుంది.

ఇక ప వ ష సంగతి. వ లో తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, ప ఫ ష స హ ఘ లో తలకట్టు విడిగా పైన ఉంటుంది. నీ బొమ్మలో ప తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు ఎంతుందో కొలిచి చూడు, నాకైతే 20 యూనిట్లు కూడా లేనట్టుంది. చిన్న సైజులో ఆ సందు పూడుకుపోయి ప కాస్తా వ అయిపోతోంది. సమస్య కోణాలది కాదు, మందానిది.

సుబ్బారావుగారబ్బాయి
ఇదంతా ఎందుకండీ, తెలుగు అంటేనే గుండ్రాలు, ముత్యాల్లాంటి అక్షరాలని అంటారు, వాటిని గొడ్డలితో నరికి ఇంగ్లీషులా చెయ్యాలా. నాకైతే మొదటి బొమ్మ ఏ భాషో అర్థం కాలేదు.

ఓరుగల్లు_పోరడు
సుబ్బారావు గారూ గట్లనకుండ్రి సార్. భట్టిప్రోలు స్తూపంల దొరికిన ధాతు కరండాల (అస్థికలు దాచిన రాతి బరిణెల) మీది రాతలు సూడుండ్రి, 1892ల అలెగ్జాండర్ రియా తవ్వించినయి, ఆ బ్రాహ్మి లిపిల ఎన్ని తిన్నటి గీతలున్నయో ఎన్ని మూలలున్నయో. మన లిపి తాతముత్తాతలు కోణాల మనుషులే. గుండ్రం తర్వాత వచ్చింది.

ఇంకో ముచ్చట. అందరు తాటాకు కత చెప్తరు, ఘంటంతోని అడ్డగీత గీస్తే ఆకు చినుగుతది గాబట్టి అక్షరాలు గుండ్రమైనయని. అయ్యుండొచ్చు. గని మా హన్మకొండ వేయిస్తంభాల గుడి శాసనం సూడు, 1163ది, రుద్రదేవునిది, భాష సంస్కృతమే గని లిపి తెలుగు-కన్నడ. రాయి మీద ఉలితోని చెక్కిండ్రు, రాయికి చినిగే బాధ లేదు, అయినా గుండ్రంగనే చెక్కిండ్రు. అంటే అప్పటికే జనం కండ్లు గుండ్రానికి అలవాటు పడ్డయి, పనిముట్టు మారినా రూపం మారలే. కోణమానిని తమ్మీ, నీకు అడ్డం వచ్చేది గా అలవాటే.

గుంటూరు_ఫ్లెక్స్
చరిత్ర బానే ఉంది గానీ నాకు ఒకటే ప్రశ్న, ఇది కోరల్‌లో, అదే బ్యానర్లు చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో, పడుద్దా పడదా. మా షాపులో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే, యాపిల్ కీబోర్డు లేఅవుట్ చేతికి అలవాటైపోయింది, పిల్లోడు కళ్ళు మూసుకుని కొడతాడు. యూనికోడ్ ఫాంటు పాత కోరల్‌లో వేస్తే వత్తులు ఎగిరి పక్కన పడతాయి, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉంటాడు, పెళ్ళి బ్యానర్లో పేరు తప్పు పడితే మనకి డబ్బులు ఇవ్వడు.

కానీ కోణాల ఐడియా మాత్రం నాకు నచ్చింది, ఎందుకో చెప్తా. ఏసీపీ (అల్యూమినియం షీటు) బోర్డు మీద యాక్రిలిక్ అక్షరాలు కోయిస్తాం కదా, గుండ్రాలు ఎక్కువున్న ఫాంట్లలో పాయింట్లు సరిగా పెట్టకపోతే మెషీను కోసిన అంచు వంకరటింకరగా వస్తుంది, తిన్నటి గీతలైతే శుభ్రంగా వస్తాయి. వినైల్ స్టిక్కర్ కూడా అంతే, అక్షరం చుట్టూ మిగిలింది పీకేటప్పుడు సన్నటి వంపులు చిరిగిపోతాయి. నీ ఫాంట్‌లో అన్నీ లావు గీతలు, కోసిన మూలలు, మాకు హాయి. లోపల ఎల్ఈడీ పెట్టడానికి కూడా చోటుంది. ఒక్కటే, వత్తు ఒంటికి తగలకుండా విడిగా ఉంటే ఆ ముక్కని విడిగా బిగించాలి, రెండు రెట్లు పని. క వత్తు, త వత్తు లాంటివి పై అక్షరానికి ఎక్కడో ఒకచోట తగిలేలా గియ్యగలవా?

లలితాక్షరి
నేను గోడల మీద, షట్టర్ల మీద రాసేదాన్ని, ఫాంట్లు గీయను, కాబట్టి యూనిట్ల లెక్కలు నాకు రావు. కానీ అక్షరం చూస్తే చెయ్యి ఎటు తిరిగిందో తెలుస్తుంది, నీ అక్షరాల్లో అది తెలియట్లేదు తమ్ముడూ. అన్ని మూలలూ 45కే కోశావు, కిందా పైనా ఎడమా కుడీ ఒకటే. చేత్తో రాసే మనిషి కుంచెని అలా తిప్పడు.

నన్నడిగితే ఆ 45 ఎక్కడ్నుంచి తెచ్చావు అని అడుగుతా. స్కేలు నుంచి కదా. మన వర్ణమాలలో పుట్టుకతోనే కోణం ఉన్నది ఒకటుంది, తలకట్టు. చిన్న టిక్కు మార్కులా ఎడమ నుంచి కిందకి కొంచెం దిగి, కుడివైపు పొడుగ్గా పైకి లేస్తుంది. ఆ రెండు చేతుల వాలు ఒకటి కాదు, చూడు, పొట్టిది నిటారుగా ఉంటుంది, పొడుగుది వాలుతుంది. నీ కోతలన్నీ ఆ రెండు వాలుల్లోంచి తీసుకో. పైన ఎడమ మూలకి పొట్టి చేతి వాలు, కింద కుడి మూలకి పొడుగు చేతి వాలు. అప్పుడు తలకట్టు అతికించినట్టు కాకుండా అక్షరమంతా దాన్నుంచే పుట్టినట్టు ఉంటుంది. ఇప్పుడు నీ బొమ్మలో తలకట్టు ఒక్కటే తెలుగు, కింద ఒళ్ళు వేరే దేశం.

ఇంకోటి, మూలలన్నీ బయటే ఉంచు. లోపలి ఖాళీని కొంచెం వంపుగా వదిలెయ్. కంటికి అక్షరం గుర్తు దొరికేది ఎక్కువగా లోపలి తెల్లలోనే.

కోణమానిని (విజయవాడ)
లలిత గారూ, ఈ మాట నాకు తట్టనేలేదు, రేపే తలకట్టు వాలులు తీసి మళ్ళీ గీస్తా. టైపుపిచ్చి అన్నా, ప సందు 18 యూనిట్లే, కరెక్టుగా చెప్పారు. కానీ సందు పెంచితే తలకట్టు పైకి వెళ్ళిపోయి ఎత్తు పెరుగుతోంది, ఒళ్ళు కుదిస్తే మందం నిలవట్లేదు, ఏదో ఒకటి వదులుకోవాలి. ఫ్లెక్స్ అన్నా, వత్తులు తగిలించే సంగతి ఆలోచిస్తా గానీ కొన్నిట్లో తగిలిస్తే వేరే అక్షరం అయిపోతుంది.

టైపుపిచ్చి (హైదరాబాద్)
లలిత గారు చెప్పిన దాంట్లో ఒక చిక్కుంది. ఖ ఙ జ ఞ ట ణ బ ల ఱ, వీటికి తలకట్టే లేదు. 'జలజ' అని కొట్టి చూడు, వరసగా మూడు అక్షరాలకీ తలకట్టు లేదు, పక్కన 'కవిత' పెడితే రెండూ వేర్వేరు ఫాంట్లలో ఉన్నట్టుంటాయి. తలకట్టుని మొత్తం ఫాంటుకి విత్తనం చేస్తే ఆ తొమ్మిదింటికి ఆ వాలు ఎక్కడో దాచిపెట్టాలి. జ కి మొదలుపెట్టే కొస మీద, ల కి పై మెలిక దగ్గర, ట కి ఎడమ కొమ్ము దగ్గర పెట్టొచ్చేమో. బ తో జాగ్రత్త, దానికి పొరపాటున తలకట్టు లాంటిది కనిపించిందంటే జనం భ అనుకుంటారు, భ కి తలకట్టూ ఉంది, కింద నిలువు గీతా ఉంది, మందం ఫాంట్లో ఆ కింది గీత ఎలాగూ సరిగా కనపడదు.

ఆ కింది గీత సంగతి కూడా ఇప్పుడే తేల్చుకో. ఘ ఛ ఢ ధ ఫ భ, వీటన్నిటికీ ప్రాణం ఆ చిన్న గీతే. 190 మందం ఒంటికి 190 మందం గీత పెడితే మేకు దిగ్గొట్టినట్టుంటుంది, సన్నం చేస్తే పోస్టర్లో మాయమౌతుంది. ఒంట్లోకి ఒక గంటు పెట్టి ఆ గంటులోంచి గీత బయటికి వచ్చేలా చెయ్యి. టెలిఫోన్ డైరెక్టరీ కోసం మాథ్యూ కార్టర్ 1978లో బెల్ సెంటెన్నియల్ చేసినప్పుడు మూలల్లో ఇంక్ ట్రాపులని గంటులు పెట్టాడు, సిరా పూడుకుపోకుండా. అక్కడ అవసరం వేరు కానీ ఆ ఉపాయం మన మందం అక్షరాలకి చక్కగా సరిపోతుంది, పైగా కోణాల ఫాంటులో గంటు కనిపించినా అది డిజైన్ లాగే ఉంటుంది.

ర, ఠ కూడా చూడు. తేడా లోపలి చుక్క ఒక్కటే. ధ, థ కి కూడా అంతే. లోపలి తెల్లలో చుక్క పెట్టే చోటు లేకపోతే ఆ రెండు అక్షరాలనీ కొంచెం వెడల్పు చేసెయ్, అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు ఉండాలని ఎవరూ అనలేదు.

వత్తులోళ్ళు (బెంగళూరు)
ఫాంట్ ఇంజినీరింగ్ వైపు నుంచి. బొమ్మల్లో అంతా విడి అక్షరాలే ఉన్నాయి, గుణింతాలు వత్తులు లేవు. తెలుగు ఫాంటుకి అసలు పరీక్ష అక్కడే. 'రాష్ట్రం' కొట్టు, 'స్త్రీ' కొట్టు, 'లక్ష్మి' కొట్టు, 'త్రై' కొట్టు. ఐత్వం ఉన్నప్పుడు పైన ఒక గుర్తు కింద ఒక గుర్తు, దానికి తోడు ర వత్తు, కింద ఇద్దరూ కొట్టుకుంటారు. ఈ బరువులో ఐత్వం కింది ముక్కకీ ర వత్తుకీ విడివిడిగా చోటు దొరకదు, కలిపి ఒకే బొమ్మగా గీసి, ఆ రెండూ పక్కపక్కన వస్తే దానంతటదే ఆ బొమ్మ పడేలా సబ్‌స్టిట్యూషన్‌లో పెట్టడమే మేలు.

ఇంకోటి, వు ని ఎలా గీశావు? మ అంటే చూపుకి వ పక్కన కొమ్ము పెట్టినట్టే ఉంటుంది. వు కి కూడా కొమ్ము అదే ఎత్తులో పక్కన పెడితే అచ్చం మ అవుతుంది, అందుకే పు ఫు వు లలో కొమ్ము కిందికి దిగుతుంది. గుండ్రం ఫాంట్లలో ఆ తేడా తేలిగ్గా తెలుస్తుంది, పలకల ఫాంటులో కొమ్ము కూడా పలకే అయ్యేసరికి 'పువ్వు' అనే మాట ఘోరంగా వస్తుంది, రాసి చూస్తే నీకే తెలుస్తుంది. మొ, యొ లు కూడా విడిగా గియ్యాలి, వాటి ఒత్వం మామూలు హల్లుల ఒత్వంలా ఉండదు.

ఎత్తుల లెక్క ముందే ఫిక్స్ చేసుకో. విండోస్ మెట్రిక్స్ (లైనుకి పైనా కిందా ఎంత చోటివ్వాలో ఫాంటు చెప్పే కొలతలు) చిన్నగా పెడితే వత్తుల అడుగు భాగం తెగిపోయి కనిపిస్తుంది, పెద్దగా పెడితే రెండు లైన్ల టైటిల్లో మధ్య మైదానమంత ఖాళీ వస్తుంది. సినిమా టైటిళ్ళు చేసేవాళ్ళు ఈ గొడవ పడరు, పై లైను వత్తుని కింది లైను గుడి పక్కన ఖాళీలోకి చేత్తో జరిపేస్తారు. ఫాంటుకి ఆ తెలివి లేదు కాబట్టి నేనైతే కొంచెం పొట్టి వత్తులతో ఒక స్టైలిస్టిక్ సెట్ (కావాలంటే ఆన్ చేసుకునే ఇంకో రకం అక్షరాలు) పెడతా, రెండు లైన్లు బిగించి పెట్టుకునేవాళ్ళు అది ఆన్ చేసుకుంటారు.

ఫ్లెక్స్ గారి ప్రశ్నకి: ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్లలో వత్తులు విడిపోతే చాలాసార్లు తప్పు ఫాంటుది కాదు, టైప్ సెట్టింగుల్లో మన భాషలకి పనికొచ్చే కంపోజర్ పెట్టుకోవాలి, వెర్షన్‌ని బట్టి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనో వరల్డ్-రెడీ అనో ఉంటుంది. పాత కోరల్‌కి మందు లేదు, వేరే దాంట్లో కొట్టి కర్వ్స్ చేసి (అక్షరాలని ఉత్త గీతల బొమ్మగా మార్చి) పీడీఎఫ్‌గా తెచ్చుకోవాలి.

గుంటూరు_ఫ్లెక్స్
కర్వ్స్ చేసి తెచ్చుకోవడం మాకు కొత్తేం కాదులే. కానీ కస్టమర్ "అన్నా పేరు ముందు శ్రీ పెట్టు" అంటాడు చివరి నిమిషంలో, మళ్ళీ మొదట్నుంచి.

శ్రీ బాగా గియ్యి బాబూ. బ్యానర్లో శ్రీ లేని ఆర్డరు నేనింతవరకు చూళ్ళేదు. తర్వాత 'భారీ తగ్గింపు ధరలు', 'శుభాకాంక్షలు', 'జన్మదిన', 'గృహప్రవేశం'. ఈ మాటలు బాగుంటే మా వీధి మొత్తం నీ ఫాంటే వాడుద్ది.

ప్రవాసి_పలక (డాలస్)
ఇక్కడ ఉగాది, సంక్రాంతి ఈవెంట్లకి బ్యానర్లు నేనే చేస్తుంటా. గూగుల్ ఫాంట్స్‌లో ఉంటే తప్ప మా వలంటీర్లు వాడరు, ఎందుకంటే తలా ఒక కంప్యూటర్, ఎవరి దగ్గరా ఫాంటు ఇన్‌స్టాల్ చేసి ఉండదు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, ఇస్తావా? సిలికానాంధ్ర సంస్థ వాళ్ళు రామభద్ర, ధూర్జటి, పెద్దన అన్నీ ఆ లైసెన్స్ కిందే ఇచ్చారు కాబట్టే ఇవాళ ఎక్కడ చూసినా అవే. నువ్వు అమ్ముకోవాలనుకుంటే అది నీ ఇష్టం, తప్పేం లేదు, అడుగుతున్నా అంతే.

అన్నట్టు ఇంగ్లీషు అక్షరాలు కూడా గీస్తున్నావా లేక ఏదన్నా ఓపెన్ ఫాంటు కలుపుతున్నావా? మా బ్యానర్లో సగం ఇంగ్లీషే.

టైపుపిచ్చి (హైదరాబాద్)
ఇంగ్లీషు సంగతి వచ్చింది కాబట్టి, కోణమానినీ, నాయ్‌లాండ్ ఫాంటు చూశావా? రుడాల్ఫ్ కోఖ్ 1923లో జర్మనీలో క్లింగ్స్‌పోర్ ఫౌండ్రీకి చేశాడు. బాగా మందం, అంతా నరికినట్టుంటుంది. ముందు కాగితం మీద బొమ్మ గియ్యకుండా నేరుగా లోహం మీద పంచ్‌లు (అచ్చక్షరాల మూసలకి వాడే ముద్రలు) చెక్కేశాడు, అందుకే ఒక్కో సైజులో అక్షరాలు ఒక్కోలా ఉంటాయి, ఏ రెండు కోతలూ ఒకటి కావు. చూసినప్పుడు బరువుగా ఉంటుంది కానీ చచ్చిపోయినట్టుండదు. లలిత గారు చెయ్యి తెలియట్లేదు అన్నారే, దానికి ఇదే మందు అనుకుంటా. నువ్వు కూడా కంప్యూటర్ కట్టేసి నల్ల కాగితం మీద కత్తెరతో ప, మ, ల, హ కోసి చూడు. కత్తెరకి 45 డిగ్రీలు తెలీదు, వంపు తిరగడానికి బద్ధకం కాబట్టి అదే కోణాలు చేస్తుంది.

తర్వాత అమెరికాలో దాన్ని అడవి, ఆఫ్రికా, సాహసం అనగానే అతికించడం మొదలెట్టారు, జురాసిక్ పార్క్ అక్షరాలు కూడా ఆ బాపతే. పాపం కోఖ్ ఉద్దేశం అది కాదు. మన దగ్గర కూడా కోణాల తెలుగు అక్షరం అనగానే కత్తీ రక్తం టైటిలే గుర్తొస్తుంది, ఆ ముద్ర పడకుండా గియ్యగలిగితే దీన్ని చాలాచోట్ల వాడొచ్చు.

సుబ్బారావుగారబ్బాయి
కత్తెర సంగతి బాగుంది. కానీ నాకింకా అనుమానమే, చదివేవాడికి ఏం ఒరుగుతుంది?

ఓరుగల్లు_పోరడు
సార్, గిది పేపర్ చదువుడు కోసం గాదు గదా. రోడ్డు మీద పోతుంటే బోర్డు మీద నాలుగు మాటలు, కబడ్డీ పోస్టర్ మీద ఊరి పేరు. పేజీ నిండ అచ్చేస్తే నేను గూడ తిడుత.

కోణమానిని (విజయవాడ)
రెండో విడత పెట్టా, చూడండి. ఏం మార్చానంటే, 45 కోతలు తీసేశా, తలకట్టు వాలులు రెండే వాడా, పొట్టి చేతిది 62 డిగ్రీలు, పొడుగుది 38. ప ఫ ష స హ లకి తలకట్టు సందు 44 యూనిట్లు చేశా, ఎత్తు పెరగకుండా ఆ తలకట్టు మందాన్నే 150కి దించా, ఎవరికీ తెలియలేదు, మీకు తెలిస్తే చెప్పండి. కత్తెర పని కూడా చేశా, ల, హ అందులోంచే వచ్చాయి, అవే మిగతా వాటికన్నా బాగున్నాయి అనిపిస్తోంది.

సున్నా పలకలుగానే ఉంచా కానీ లోపలి రంధ్రం గుండ్రంగా వదిలా. పైనా కిందా చదునుగా ఉన్నచోట ఓవర్‌షూట్ (లైను కొంచెం దాటించి గీయడం) తీసేశా, మొనదేలిన చోట్ల మాత్రం లైను దాటించా, లేకపోతే మొన పొట్టిగా కనపడుతోంది. పువ్వు రాశా, వత్తులోళ్ళు చెప్పినట్టే ఘోరంగా వచ్చింది, వు కొమ్ముని కిందికి లాగి గంటు పెట్టాక చదవగలుగుతున్నారు.

ప్రవాసి గారూ, లైసెన్స్ ఓపెన్‌గానే ఇస్తా. ఇంగ్లీషు నేనే గీస్తా కానీ తెలుగు అయ్యాకే, ముందు ఇంగ్లీషు గీస్తే మళ్ళీ తెలుగు దాని వెనక పడుతుంది.

లలితాక్షరి
ల బాగుంది. ఇప్పుడు చెయ్యి కనిపిస్తోంది. హ లో మాత్రం కుడివైపు కొస ఎటో వెళ్ళిపోతోంది, 'హైదరాబాద్' రాసినప్పుడు ద ని గుద్దుతోంది. తలకట్టు సన్నమైన సంగతి నాకు తెలిసింది తమ్ముడూ, కానీ ఫర్వాలేదు, షట్టర్ మీద మేమూ అలాగే చేస్తాం.

వత్తులోళ్ళు (బెంగళూరు)
'హైదరాబాద్‌లో' కొట్టావా? ద్ తర్వాత ల వత్తుగా మారకుండా మధ్యలో కనపడని క్యారెక్టర్ ఒకటి ఉంటుంది, దానికి నీ ఫాంటులో ఖాళీ గ్లిఫ్ (అక్షరం బొమ్మ) లేదు, నా దగ్గర డబ్బా కనపడుతోంది. ఐదు నిమిషాల పని, ఇప్పుడే చేసెయ్. ద్ పొల్లు కూడా పై లైనుకి తగిలేంత ఎత్తుంది, దాన్ని కుడివైపుకి వాల్చు.

రాష్ట్రం బొమ్మలో ట వత్తు కింద ర వత్తు చాలా కిందకి పోయింది. ర వత్తుని ఎడమ పక్కకి తెచ్చి ట వత్తుని దాని ఒళ్ళో కూర్చోబెట్టు, లోతు బాగా తగ్గుతుంది.

గుంటూరు_ఫ్లెక్స్
ఇంకా శ్రీ పెట్టలేదు.

కోణమానిని (విజయవాడ)
శ్రీ గీస్తున్నా అన్నా, గుడి దీర్ఘం మెలిక దగ్గర ఆగింది. మెలిక తీసేసి కోతగా పెడితే శ్రి లా ఉంది, మెలిక ఉంచితే ఫాంటు మొత్తంలో అదొక్కటే గుండ్రం. రెండూ గీసి పెడతా, షాపులో కస్టమర్లకి చూపించి ఏది చదివారో చెప్పు.

గుంటూరు_ఫ్లెక్స్
పీడీఎఫ్ పంపు, కర్వ్స్ చేసి.